పట్టున నేసిన సముద్రపటం

భూగోళ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు గోడకు తగిలించే దానిని మనం 'పటం' అంటాము. రోజూ వాడే మాట కనుక దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించము. సంస్కృతంలో పటమంటే బట్ట. బట్ట మీద బొమ్మ వేసినందువల్ల అది చిత్రపటమైనది. ఊరూరా కులపురాణాలు చెప్పే కథకులు విప్పి చూపే చేర్యాల పటాలు నేటికీ బట్ట మీదనే ఉన్నవి. కాలక్రమాన బొమ్మ బట్టను విడిచి కాగితానికి ఎక్కినది. బట్ట పోయినా మాట నిలిచినది. పిల్లలు ఎగురవేసేది కాగితమే అయినా అది గాలిపటమే. ఇంగ్లీషువారి 'మ్యాప్' అనే మాట సైతం ఇటువంటిదే. లాటిను భాషలో 'మప్పా' అంటే భోజనం వద్ద వాడే చేతిగుడ్డ.

తెలంగాణ పల్లెలలో పొలం సరిహద్దులు చూపే పటాన్ని నక్షా అంటారు. ఇది అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన మాట. 'నక్ష్' అంటే చెక్కుట, చిత్రించుట. చేర్యాల పటాలు గీసేవారు నకాషీలు. నగల మీద, తలుపుల మీద చేసే పని నగిషీ. తివాచీ నేసే కళాకారుని ఎదుట మగ్గానికి కట్టి ఉండే గళ్ళ కాగితం కూడా నక్షాయే. నావికుని చేతిలోని దానికీ నేతగాని ఎదుటి దానికీ ఒకే పేరు. కనుక ఎవరైనా సముద్రపటాన్ని తివాచీగా నేస్తే అది వింత పనిగా కనిపించినా, ఎన్నడో విడిపోయిన రెండు విద్యలు మళ్ళీ ఒక గూటికి చేరినట్లే భావించవచ్చును.

ఒట్టోమన్ తురుష్కుల నావికులు గీసిన ప్రాచీన సముద్రపటాలను పట్టు తివాచీలుగా చేతిముడులతో నేసే పనిని గూర్చి ఈ వ్యాసం. ఒట్టోమన్ అనగానే హైదరాబాదువారికి 1931 నవంబరులో ఫ్రాన్సు దేశపు నీస్ నగరంలో జరిగిన రెండు వివాహాలు జ్ఞాపకం వస్తవి. తుది ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్, అదే వంశపు నీలోఫర్, నిజాము కుమారులిద్దరినీ పెండ్లాడి ఈ నగరానికి కోడళ్ళుగా వచ్చినారు. వారి పేర్లు నేడు రెండు ఆసుపత్రుల మీద ఉన్నవి. కాని వారి పూర్వుల నావికులు మన సముద్రాన్ని కూడా పటాలలో గీసినారన్న సంగతి మనకు అంతగా తెలియదు. ఆ కథ చెప్పవలెనంటే పీరీ రయీసుతో మొదలుపెట్టవలె.

'రయీసు' అంటే నౌకాధిపతి. పీరీ రయీసు పినవయసులోనే మేనమామో పినతండ్రో అన్న తర్కం అక్కరలేకుండా చరిత్రకారులందరూ బంధువుగా చెప్పే కెమాల్ రయీసు వెంట సముద్రం మీదికి వెళ్ళినవాడు. 1513లో గల్లిపోలీ రేవులో జింకతోలు మీద ఒక ప్రపంచపటం గీసినాడు. 1517లో ఈజిప్టులో ఉన్న సుల్తాను మొదటి సెలీముకు దానిని సమర్పించినాడు. ఆ తరువాత ఆ పటం నాలుగు శతాబ్దాలకు పైగా ఎవరి కంటా పడలేదు. 1929లో ఇస్తాంబులులోని తోప్‌కాపీ ప్రాసాదంలో గ్రంథాలను పరిశీలిస్తుండగా బయటపడినది. దొరికినది పూర్తి పటం కాదు, ఒక ముక్క మాత్రమే. ఎత్తు సుమారు 90, వెడల్పు సుమారు 63 సెంటీమీటర్లు. అందులో స్పెయిను, పశ్చిమాఫ్రికా తీరాలు, అట్లాంటిక్ సముద్రం, దాని ఆవలి కొత్త ప్రపంచపు తీరం ఉన్నవి. దానిని గీసి అయిదువందల ఏళ్ళు నిండిన 2013వ సంవత్సరాన్ని యునెస్కో స్మరణోత్సవాల పట్టికలో చేర్చినది.

ఆ పటంలో నాకు అన్నింటికన్న విలువైనదిగా తోచేది తీరరేఖ కాదు. అంచున తురుష్క భాషలో వ్రాసిన మాటలు. తాను సుమారు ఇరవై పటాలను చూసి దీనిని కూర్చినానని పీరీ రయీసు అక్కడ చెప్పుకొన్నాడు. ప్రాచీనుల పటాలు ఏవో, హిందూదేశాన్ని గూర్చిన అరబ్బుల పటం ఏదో, హింద్, సింధ్, చీనా దేశాలను చూపే పోర్చుగీసువారి నాలుగు కొత్త పటాలు ఏవో ఎన్నినాడు. పడమటి దేశాలను కొలంబసు గీసిన పటాన్ని బట్టి గీసినానన్నాడు. కొలంబసుతో మూడుసార్లు ప్రయాణం చేసిన ఒక స్పెయిను బందీ చెప్పిన సంగతులను కూడా దాచక పేర్కొన్నాడు. కొలంబసు స్వహస్తంతో గీసిన ఆ పటం నేడు లేదు. దాని జాడ మనకు దొరికినది ఈ ఒప్పుకోలు వల్లనే. శత్రుదేశపు నావికుని ఋణాన్ని కూడా అక్షరాలలో పెట్టిన పండితుడాయన. పరీక్ష కాగితంలో పక్కవాని జవాబు దించి తనదేనని చెప్పే విద్యార్థికి ఇంతకన్న మంచి పాఠం ఉండదు.

ఆయన తరువాత 1521లో 'కితాబె బహ్రియే' అనే సముద్ర గ్రంథం కూర్చి, దానిని పెంచి 1526లో సులేమాను సుల్తానుకు సమర్పించినాడు. మధ్యధరా సముద్రపు రేవులను ఒక్కొక్కదానినే పటంతోనూ వర్ణనతోనూ చెప్పిన గ్రంథమది. నీరు ఎక్కడ దొరుకును, లంగరు ఎక్కడ దించవలె, ఏ గాలికి ఏ రేవు ఆశ్రయమిచ్చును అన్న విషయాలు అందులో ఉన్నవి. ఇంతటివాడు వృద్ధాప్యంలో హుర్ముజు దండయాత్ర విఫలమైన అపరాధానికి 1553లో కైరోలో శిరచ్ఛేదం పొందినాడు.

ఇటువంటి పటాన్ని చదివే పద్ధతి వేరు. మనకు దిక్కులు ఎనిమిది. నావికునికి ముప్పైరెండు. పటం మీద అక్కడక్కడ దిక్సూచి పద్మాలు వేసి, వాటి నుండి ముప్పైరెండు గీతలను నలువైపులా పరుస్తారు. తాను బయలుదేరిన రేవు నుండి చేరవలసిన రేవుకు ఏ గీత పోతున్నదో చూసుకొని నావికుడు ఆ దిక్కుకు చుక్కాని తిప్పుతాడు. తీరం పొడుగునా రేవుల పేర్లు లోపలివైపుకు వ్రాసి ఉండును, సముద్రభాగం చిక్కు లేకుండా ఉండవలెనని. ఇసుక తిప్పలకు చుక్కలు, నీటి అడుగున దాగిన బండలకు శిలువ గుర్తులు పెట్టుతారు. చూసేవారికి అలంకారంగా తోచే ఆ చుక్క, నావలో ఉన్నవారికి ప్రాణం.

ఇక మగ్గం దగ్గరకు వద్దాము. జంపఖానాకు, తివాచీకి భేదమున్నది. జంపఖానాలో పడుగు, పేక అనే రెండే ఉండును. బట్ట చదునుగా వచ్చును. తివాచీలో పడుగు దారాల జంటకు ఒక్కొక్క రంగుదారపు తునకను ముడివేసి కత్తితో కోస్తారు. ఒక వరుస ముడులు పూర్తి అయిన పిమ్మట పేక పోగు నడిపి, ఇనుప దువ్వెనతో దించి కొడుతారు. మళ్ళీ ముడుల వరుస. చివరకు నిలిచిన కొసలను కత్తెరతో సమంగా కత్తిరిస్తారు. నక్షా కాగితంలో ఒక గడి మగ్గం మీద ఒక ముడి. కాశ్మీరులో ఈ గడులనే సంకేతలిపిలో వ్రాసుకొని చదువుతూ నేస్తారు. ఆ లిపి కాగితాన్ని వారు 'తాలీం' అంటారు. తాలీం అంటే శిక్షణ అని మనకూ తెలుసును.

తురుష్క దేశంలో పట్టు తివాచీలకు పేరుమోసిన ఊరు హెరెకె. ఇజ్మీతు అఖాతపు ఒడ్డున 1843లో అక్కడ నేత కర్మాగారం వెలసినది. తరువాత సుల్తానుల ప్రాసాదాలకు తివాచీలు అక్కడి నుండి పోయేవి. అక్కడి మేలురకం పట్టు తివాచీలో చదరపు సెంటీమీటరుకు నూరు ముడులు. నిలువున పది, అడ్డంగా పది. అనగా ఒక ముడి ఒక మిల్లీమీటరు. ఈ లెక్కతో పీరీ రయీసు పటాన్ని ఉన్నది ఉన్నంత కొలతలో నేయవలెనంటే ఎన్ని ముడులు కావలె? తొంబదిని అరువదిమూటితో హెచ్చిస్తే 5,670 చదరపు సెంటీమీటర్లు, ముడులు 5,67,000. నేత స్త్రీ రోజుకు 8,000 ముడులు వేయగలదనుకొందాము. డెబ్బైయొక్క రోజుల పని.

కాని లెక్క ఇక్కడితో తీరదు. పటం మీది అక్షరాల గీతలు మిల్లీమీటరుకన్న సన్ననివి. ముడి కన్న సన్నని గీతను నేయడం సాధ్యం కాదు. అక్షరాలు నిలవాలంటే పటాన్ని పెంచవలె. పొడవు, వెడల్పు రెండింతలు చేస్తే ముడులు నాలుగింతలగును: 22,68,000. పని 71 రోజుల నుండి 284 రోజులకు పోవును. ఈ ఖర్చు భరించలేనివారు ఏమి చేస్తారు? తీరరేఖను ఉంచుతారు; నావల బొమ్మలను, చిలుకలను, దిక్సూచి పద్మాలను ఉంచుతారు; అంచున ఉన్న చిన్న అక్షరాలను వదలివేస్తారు. అందం మిగులును. ఒప్పుకోలు జారిపోవును. ఎవరి వద్ద ఏమి నేర్చుకొన్నానో ఆయన చెప్పిన మాటలే మొదట రాలిపోవును.

దిక్కుల గీతలలోనూ చక్కని చిక్కు ఒకటున్నది. మగ్గానికి సహజంగా తెలిసినవి నిలువు, అడ్డం, సరిగ్గా ఐమూల. మిగిలిన దిక్కులను మెట్లుమెట్లుగా నేయవలె. ముప్పైరెండు దిక్కులలో ఒక దిక్కుకూ పక్కదానికీ నడుమ పదకొండుంబావు డిగ్రీలు. ఆ వాలు రావలెనంటే అయిదు ముడులు పక్కకు పోయి ఒక ముడి పైకి ఎక్కవలె. తరువాతి దిక్కుకు అయిదు పక్కకు, రెండు పైకి. ఆ తరువాతి దానికి మూడు పక్కకు, రెండు పైకి. ఆ పై దిక్కు ఐమూల. లెక్కల మాస్టరు చెప్పే త్రికోణమితిని బడికి పోని వేళ్ళు ఈ విధంగా సాధిస్తవి. ముడులు సమచతురంగా పడకపోతే, దువ్వెన దెబ్బ ఎక్కువై వరుసలు అణగిపోతే, దిక్కే మారిపోవును. నావికుని గీతకు ఎంత నిష్ఠ కావలెనో నేతగాని గీతకూ అంత నిష్ఠ కావలె.

ఒక ఎర్రచుక్కను నేతగాడు మరక అనుకొని వదలినాడనుకోండి. తివాచీకి లోపమేమీ కనిపించదు. కాని అక్కడ ఒక ఇసుక తిప్ప సముద్రంలో మునిగిపోయినది. ఇప్పుడు ఆ పటంతో ఎవరూ నావ నడపరు గదా అని అనవచ్చును. నిజమే. అయినా తెలిసి విడిచిన చుక్కకూ తెలియక విడిచిన చుక్కకూ భేదమున్నది. ప్రతి చుక్క వెనుక ఎక్కడో ఒక నావ పగిలి ఉండును. ఆ అనుభవాన్ని ముందువారికి అందించడానికే ఆ చుక్క పుట్టినది.

అన్నిటికన్న పెద్ద ధర్మసందేహం చినిగిన అంచు దగ్గర వచ్చును. దొరికినది పడమటి భాగమని చెప్పినాను. హింద్, సింధ్, చీనాల పటాలు చూసి గీసిన తూర్పు భాగం పోయినది. అనగా మన సముద్రం ఉండవలసిన వైపే చినిగినది. తివాచీకి నాలుగంచులూ సరిగా ఉంటేనే అందం, గిరాకీ. పోయిన భాగాన్ని ఊహించి నింపుదామా? చినుగును చినుగుగానే నేయుదామా? నింపితే కొనేవారు సంతోషిస్తారు. ఒక తరం గడిచిన తరువాత ఊహ కూడా ఒట్టోమన్ నావికునిదే అనుకొంటారు. నా మట్టుకు చినుగును చినుగుగానే నేయడం న్యాయమని తోచును. తాను చూడనిదానిని చూసినట్లు చెప్పని వానికి మనం చేయగల గౌరవం, ఆయన గీయనిదానిని ఆయన పేర గీయకపోవడమే.

పోయిన భాగంలో మన తీరం ఎట్లు ఉండేదో చెప్పలేము గాని, ఒట్టోమన్ నావికులకు మన సముద్రాలతో ఉన్న పరిచయానికి వేరొక సాక్ష్యమున్నది. పీరీ రయీసు మరణించిన కొద్దికాలానికే సయ్యిదీ అలీ రయీసు అనే నౌకాధిపతి బస్రా నుండి నావలను నడిపిస్తూ పోర్చుగీసువారితో పోరాడి, తుపానుకు చిక్కి గుజరాతు తీరానికి కొట్టుకొనివచ్చినాడు. నావలు పోయినవి. విద్య పోలేదు. 1554లో అహమ్మదాబాదులో కూర్చుండి, అరబ్బు నావికుల అనుభవమంతటినీ సేకరించి, హిందూ మహాసముద్ర యానాన్ని గూర్చి 'ముహీత్' అనే గ్రంథం వ్రాసినాడు. తరువాత ఢిల్లీలో హుమాయూను పాదుషాను దర్శించి, కాలినడకనూ గుర్రాల మీదనూ స్వదేశం చేరినాడు.

మన తీరం కూడా ఆ కాలానికి కొత్త తీరం కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల నావ ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన నావల సొత్తును రాజులు స్వాధీనం చేసుకొనేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని, సొత్తు వర్తకులదేనని గణపతిదేవుడు శిలాక్షరాలలో మాట ఇచ్చినాడు. పటం మీది చుక్క నావను బండ నుండి కాపాడును. ఈ శాసనం బండకు కొట్టుకొన్న నావికుని రాజు నుండి కాపాడినది. తరువాత గోలకొండ సుల్తానుల కాలంలో ఆ ప్రాభవం మచిలీపట్నానికి వచ్చినది. అక్కడి నుండి బియ్యం, కలంకారీ బట్టలు, హజ్ యాత్రికులు ఎర్రసముద్రం వైపు పోయేవారు. అక్కడి మక్కా, జిద్దా 1517 నుండి ఒట్టోమన్ ఏలుబడిలోనివే.

నేతలోనూ మనవారు వెనుకబడలేదు. ఏలూరులోనూ ఓరుగల్లులోనూ పారసీక సంప్రదాయపు తివాచీ నేత స్థిరపడినది. ఓరుగల్లు తివాచీలు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు పోయినవి. అయితే ఏలూరు మగ్గాల మీద పుట్టినవి ఓడ ఎక్కిన రేవు పేరుతో మచిలీపట్నం తివాచీలుగా లోకంలో చలామణి అయినవి. నేసిన చేయి పేరు లేదు, నేసిన ఊరి పేరు కూడా లేదు. దక్కనులో నేసిన కొన్ని తివాచీలు డచ్చి వర్తకుల ఓడలలో జపాను చేరి, క్యోటో నగరపు గియాన్ ఉత్సవ రథాలకు అలంకారాలైనవి. అక్కడివారు వాటిని తరతరాలుగా భద్రపరచినారు. అవి దక్కను నేతలని పండితులు గుర్తించినది మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలోనే. అంచున ఒక్క ఊరి పేరు నేసి ఉంటే ఇన్నాళ్ళు ఆగవలసిన పని ఉండేది కాదు.

ఆ పని క్షీణించడానికి కారణాన్ని జార్జి బర్డ్‌వుడ్ 1880 నాటి తన గ్రంథంలోనే చెప్పినాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైన వాటిలో చేరిన మచిలీపట్నం తివాచీలు ఐరోపా గిరాకీ వలన చెడినవని ఆయన బాధపడినాడు. చవకగా, తొందరగా కావలెనన్న కొనుగోలుదారు మొదట ముడుల సంఖ్య తగ్గించును, తరువాత రంగును, ఆ పైన నక్షాను. నేడు ఓరుగల్లు కొత్తవాడలో జంపఖానాల నేత నిలిచి ఉన్నది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఏ ఊరి నేత ఆ ఊరి పేరుతోనే అమ్ముడుపోవలెనన్న సూత్రానికి ఇంతకాలానికి చట్టబలం వచ్చినదని సంతోషించవలె. అయినను అది ఊరి పేరు. చేతి పేరు ఇంకా రాలేదు.

పేరు మారుతూ ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి మేము మలక్‌పేట దాటి పోనక్కరలేదు. ఇక్కడ మెట్రో రైలు ఆగే ఒక స్టేషను పేరు మూసారాంబాగ్. ప్రతిదినం వేలమంది ఆ పేరు పలుకుతారు. సముద్రం దాటి వచ్చి, నిజాము సైన్యానికి నాయకుడై, 1798లో ఇక్కడ కన్నుమూసిన ఫ్రెంచివాడు రేమాను పేరే అది. 'ముస్యే రేమా' అనే పిలుపు కొందరి నోట మూసారాం, కొందరి నోట మూసా రహీం అయినది. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నేటికీ ఉన్నది. సమాధి నిలిచి ఉన్నందువల్ల పేరును సరిచూసుకోగలిగినాము. మూలం నశించి ప్రతి మాత్రమే మిగిలితే సరిచూసుకొనే దారి ఉండదు. తివాచీలకు ఎక్కే పటాల విషయంలో నా భయమంతా ఇదే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి చేసి ముగిస్తాను. ఇది మగ్గం లేకుండా బడిలోనే చేయించదగిన అభ్యాసం. పిల్లల చేతికి గళ్ళ కాగితం ఇచ్చి, మోటుపల్లి నుండి మచిలీపట్నం వరకు మన తీరాన్ని గడికి ఒక రంగు చొప్పున నింపమనండి. గీత గీయనీయకండి, గడులు మాత్రమే నింపవలె. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఎన్ని గడులు నీటికి, ఎన్ని మట్టికి ఇవ్వవలెనో వారు తర్జనభర్జన పడుతారు. ఆ తర్జనభర్జనే పాఠం. తెలియని గడిని తెల్లగానే వదలమనండి. అడుగున రెండు వరుసలు విడిచిపెట్టి, ఏ పటం చూసి నింపినారో, పక్కన కూర్చున్న ఎవరు సాయపడినారో, తమ పేరుతోపాటు వ్రాయమనండి. ఆ రెండు వరుసలకు కూడా మార్కులు వేయండి.